పద్ధతిగా పెరిగితేనే పిల్లలు హ్యాపీగా ఉంటారా? కొన్ని అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో కాలేజీ పిల్లలకు కౌన్సెలింగ్ చేస్తుంటాను. అమ్మానాన్నలు వచ్చి అడిగేది ఎక్కువగా ఒకటే, "ఈ మోడర్న్ పోకడల వల్లే కదా మేడమ్ మావాడు ఇలా అయింది?" అని. అందుకే ఈ పోస్టు.

అపోహ: సంప్రదాయం పాటించే పిల్లలు సంతోషంగా ఉంటారు, డిప్రెషన్ మోడర్న్‌గా తిరిగేవాళ్లకే.

వాస్తవం: బొట్టు చూసో జీన్స్ చూసో చెప్పగలిగేది కాదిది. వెంకన్న కోసం మాంసం మానేసే పెరటాసి నెలలో ఓ శనివారం హాస్టల్‌లో ఒకే గదిలో ఉండే ఇద్దరమ్మాయిలు చికెన్ ముట్టుకోలేదనుకోండి. ఒకరికి ఆ నెలంటే చిన్నప్పటి నుంచి ఇష్టం, ఇంకొకరికి రాత్రి ఫోన్‌లో అమ్మ అడుగుతుందన్న భయం. బయటికి ఇద్దరిదీ ఒకటే ఆచారం, లోపల మాత్రం పొంతనే లేదు. వలెరీ చిర్కోవ్, రిచర్డ్ ర్యాన్, మరికొందరు పరిశోధకులు 2003లో దక్షిణ కొరియా, రష్యా, టర్కీ, అమెరికా విద్యార్థుల్లో ఇదే చూశారు. ఆ పద్ధతి ఏ రకందైనా సరే, ఎవరో తిడతారని కాకుండా తనకే సబబు అనిపించి పాటించేవాళ్ల మానసిక స్థితి మెరుగ్గా ఉంది. నా కౌన్సెలింగ్ గదిలో నేను రోజూ చూసేది కూడా అదే. కాబట్టి "ఏం పాటిస్తున్నావు" అని కాదు, "ఎందుకు పాటిస్తున్నావు" అని అడగండి, అదీ పోలీసు విచారణలా కాకుండా.

అపోహ: స్వేచ్ఛ అంటే ఇంట్లోవాళ్ల మాట కాదనడం.

వాస్తవం: పలమనేరు దగ్గర పల్లెలో ఆవులు, టమోటా తోట చూసుకుంటూ దగ్గర్లోనే డిగ్రీ చదువుతానని తనే ఆలోచించి తేల్చుకున్న పిల్లాడు స్వతంత్రుడే. ఫ్రెండ్స్ అందరూ సీఎస్‌ఈ (కంప్యూటర్ సైన్స్ ఇంజినీరింగ్) అన్నారని సీఎస్‌ఈలో చేరి, ఇప్పుడు క్లాసుకు వెళ్లాలంటేనే కడుపులో తిప్పుతోందనే పిల్లాడి సంగతేంటి? వాడు మోడర్న్‌గానే ఉన్నాడు మరి.

అపోహ: డబ్బు పిచ్చి పడమటి దేశాల నుంచి వచ్చింది.

వాస్తవం: కట్నాల లెక్కలు ఏ దేశం నుంచి వచ్చాయో కాస్త చెప్పండి! మిగతా లక్ష్యాలన్నిటికంటే డబ్బే ముఖ్యమనుకునేవాళ్లలో మానసిక క్షేమం తక్కువగా కనిపించిందని టిమ్ కాసర్, ర్యాన్ 1993లోనే అమెరికాలో రాశారు. అంటే ఆ బాధ వాళ్లకూ ఉంది.

అపోహ: ఆత్మవిశ్వాసం పెంచే క్లాసులో చేర్పిస్తే అన్నీ సర్దుకుంటాయి.

వాస్తవం: తన మీద తనకున్న గౌరవానికీ జీవితం మీద తృప్తికీ సంబంధం ఉంది కానీ అన్నిచోట్లా అంత గట్టిగా లేదు. 31 దేశాల కాలేజీ విద్యార్థుల మీద ఎడ్ డీనర్, మరిస్సా డీనర్ 1995లో చేసిన అధ్యయనంలో, వ్యక్తికి పెద్దపీట వేసే దేశాల్లో ఆ సంబంధం బలంగా, సమూహానికి పెద్దపీట వేసే దేశాల్లో తక్కువగా కనిపించింది. మన దగ్గర ఇంటికే పెద్దపీట కదా, అందుకే నేను మార్కులతో పాటు ఇంట్లో ఎవరెవరు మాట్లాడుకోవడం లేదో కూడా అడుగుతాను. చాలాసార్లు అసలు టెన్షన్ అక్కడే ఉంటుంది.

అపోహ: కొండకు నడిపించి మొక్కు తీర్చితే చాలు, డాక్టరెందుకు?

వాస్తవం: అలిపిరి మెట్లు ఎక్కండి, ఎవరు వద్దన్నారు? కానీ నిద్ర, తిండి, ఇష్టమైన పనుల మీద ఆసక్తి రెండు వారాలైనా దారికి రాకపోతే సైకియాట్రిస్టుకు చూపించండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. చనిపోవాలనిపిస్తోందని పిల్ల నోట మాట వస్తే మాత్రం రెండు వారాలు ఆగొద్దు, ఒంటరిగా వదలొద్దు, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.