ఆ ఒక్క రిక్వైర్ లైను ఎందుకు మిగిలింది?

పోయిన వారం బెంగళూరులో మా టీమ్‌లో కొత్తగా చేరిన ఒంగోలు కుర్రాడు మా పాత పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు రాసే భాష) లైబ్రరీ తెరిచి, "అన్నా, కంపోజర్ ఉందిగా, ఈ రిక్వైర్ వన్స్ లైను ఇంకా ఎందుకు, తీసేయనా?" అన్నాడు. రిక్వైర్ వన్స్ అంటే ఇంకో ఫైలుని లోడ్ చేయమని మనమే చెప్పే లైను, కంపోజర్ అంటే లైబ్రరీలు తెచ్చిపెట్టి కావాల్సిన ఫైళ్లని తనే లోడ్ చేసే పనిముట్టు. తీసి చూడమన్నాను. పేజీ రీఫ్రెష్ చేయగానే అన్‌డిఫైన్డ్ ఫంక్షన్ ఎర్రర్. క్లాసులన్నీ (సంబంధమున్న ఫంక్షన్లని ఒక పేరు కింద చేర్చిన కోడ్) బాగానే లోడయ్యాయి, పన్ను లెక్కగట్టే చిన్న ఫంక్షన్ మాత్రం దొరకలేదు.

ఇది అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. పీహెచ్‌పీ 4 రోజుల్లో ప్రతి ఫైలు పైనా ఇన్‌క్లూడ్ లైన్లు బారులు తీరి ఉండేవి, ఒకటి మర్చిపోతే పేజీ అక్కడే ఆగిపోయేది. అప్పట్లో పియర్ అనే పీహెచ్‌పీ కోడ్ భాండాగారంలోని లైబ్రరీలు ఒక మంచి అలవాటు నేర్పాయి: క్లాసు పేరులో అండర్‌స్కోర్ ఉన్నచోట ఫోల్డర్ మారినట్టు. పేరు చూస్తే ఫైలు ఎక్కడుందో తెలిసిపోయేది. నా దృష్టిలో అసలు మలుపు ఇదే, తర్వాత వచ్చిందంతా దీని మీద కట్టిందే.

2004లో పీహెచ్‌పీ 5తో పాటు ఆటోలోడ్ అనే ప్రత్యేక ఫంక్షన్ వచ్చింది, క్లాసు కనబడకపోతే పీహెచ్‌పీ దాన్ని పిలుస్తుంది, అది ఆ ఫైలుని లోడ్ చేస్తుంది. కానీ ప్రోగ్రామ్ మొత్తానికి అది ఒక్కటే ఉండాలి. రెండు లైబ్రరీలు చెరొకటి రాసుకుంటే ఫేటల్ ఎర్రర్, అందుకే బాధ్యతగా లైబ్రరీ రాసేవాళ్లు దాని జోలికి పోకుండా రిక్వైర్‌తోనే సరిపెట్టుకున్నారు. 5.1లో వచ్చిన ఎస్‌పీఎల్ ఆటోలోడ్ రిజిస్టర్ అనే ఫంక్షన్‌తో ఎన్ని లోడర్లనైనా వరుసలో పెట్టుకునే వీలు కలిగింది. 2009లో 5.3 నేమ్‌స్పేస్‌లు (క్లాసుల పేర్లు ఢీకొనకుండా ముందు చేర్చే ఇంటిపేర్ల లాంటివి) తెచ్చింది, అదే ఏడాది ఫ్రేమ్‌వర్కుల వాళ్లు షికాగోలో కలిసి మొదలుపెట్టిన పని నుంచి పీఎస్‌ఆర్-0 పుట్టింది, క్లాసు పేరుని బట్టి ఫైలు ఎక్కడుండాలో చెప్పే ఉమ్మడి ఒప్పందం అది. 2012లో కంపోజర్, 2013 చివర్లో ఆ ఒప్పందానికి కొత్త రూపమైన పీఎస్‌ఆర్-4. ఆ పాత ఆటోలోడ్ ఫంక్షన్‌ని 2020లో పీహెచ్‌పీ 8 పూర్తిగా తీసేసింది.

అయితే ఇదంతా పేర్ల మీద కుదిరిన ఒప్పందం, పేరు తప్పితే పని తప్పుతుంది. మా దగ్గరే ఒకసారి క్లాసు పేరు పెద్ద అక్షరంతో, ఫైలు పేరు చిన్న అక్షరంతో ఉండిపోయింది, విండోస్ ల్యాప్‌టాప్‌లో వారం రోజులు హాయిగా నడిచి లైనక్స్ సర్వర్‌కి ఎక్కించిన రాత్రి "క్లాస్ నాట్ ఫౌండ్" అంది. ఆ టెన్షన్‌లో ఫైలు పేరు మార్చినా గిట్ (కోడ్ మార్పులు నమోదు చేసే పనిముట్టు) ఆ మార్పుని పట్టించుకోలేదు, అక్షరం సైజు ఒక్కటే మారితే విండోస్‌లో దానికి తేడా కనిపించదు. చివరికి గిట్ ఎమ్‌వీ కమాండ్‌తో మార్చాక గానీ సైటు లేవలేదు.

ఇక ఫంక్షన్ల సంగతి. క్లాసు గానీ, దాని లాంటివే అయిన ఇంటర్‌ఫేస్, ట్రెయిట్, ఈనమ్ గానీ కనబడకపోతే పీహెచ్‌పీ ఆటోలోడర్‌ని పిలుస్తుంది, ఫంక్షన్ కనబడకపోతే పిలవదు. అందుకే కంపోజర్‌లో ఫైల్స్ అనే విడి జాబితా ఉంది, అందులో పెట్టిన ఫైలు వాడినా వాడకపోయినా ప్రతి రిక్వెస్ట్‌కీ లోడవుతుంది. పెద్ద ఫైలైతే ఆ జాబితాలో పెట్టొద్దని గట్టిగా చెబుతాను, ఆ ఫంక్షన్లని ఒక క్లాసులో స్టాటిక్ మెథడ్స్‌గా (క్లాసు పేరుతోనే పిలిచే ఫంక్షన్లుగా) సర్దుకోవడం మేలు, అప్పుడు అవసరమైనప్పుడే లోడవుతాయి.

మా ఫైలు చిన్నదే, ఆ జాబితాలో పెట్టేయొచ్చు. కానీ అదే లైబ్రరీని కంపోజర్ లేని ఒక పాత వర్డ్‌ప్రెస్ ప్లగిన్ కూడా నేరుగా వాడుకుంటోంది, దానికి ఈ లైను లేకపోతే ఆ ఫంక్షన్ దొరకదు. కుర్రాడికి అది చూపించాను. లైను తిరిగి పెట్టి, ఎందుకుందో దాని పైన తనే రెండు వాక్యాల కామెంట్ రాశాడు.