మెరీనా నీళ్ళు, బియ్యం కడిగిన గిన్నె

చేపల పడవలు తిరిగే రేవులోనే, పర్యావరణానికి చేటు లేకుండా షికారు పడవల మెరీనా కట్టొచ్చా అని ఒక పాఠకుడు అడిగారు. సోలార్ దీపాలు, మురుగు తోడే పంపులు ఉండాల్సిందే, వాటి జోలికి ఇప్పుడు పోను. నన్ను పట్టుకుని వదలని ప్రశ్న ఒక్కటే: లోపలి నీరు ఎన్నాళ్ళకు మారుతుంది?

మెరీనాని బియ్యం కడిగే గిన్నె అనుకోండి. పాటుకు 3 మీటర్లు, పోటుకు 4 మీటర్లు లోతుండే చోట, ప్రతి పోటుకీ గిన్నెలో నాలుగో వంతు కొత్త నీళ్ళు పోసినట్టు. పోటుకీ పోటుకీ మధ్య 12 గంటల 25 నిమిషాలు. రెండు రోజుల్లో నాలుగు పోట్లు వచ్చినా, 0.75ని నాలుగుసార్లు గుణించి చూడండి, పాత కుడితి 32 శాతం అక్కడే ఉంటుంది. పైగా బయటికి పోయిన కుడితి మూతి దగ్గరే తచ్చాడి మళ్ళీ లోపలికొస్తుంది. వచ్చే నీటిలో సగం అదే అయితే మిగిలేది 59 శాతం! ఇదంతా గరిటెతో బాగా కలిపినట్టు అనుకుంటేనే. చదరపు మూలల్లో నీరు కదలదు, అందుకే మూలలు గుండ్రంగా తీర్చాలి. బడిలో పోటుపాట్లంటే చంద్రుడి బొమ్మ గీసి ఆపేస్తారు, ఈ లెక్క పిల్లల చేత చేయిస్తే ఎంత బాగుంటుంది!

కుడితిలో ఏముందంటే, రాగి. పడవ అడుగున బార్నకిల్స్ (అంటుకుని పెరిగే చిన్న గుల్లజీవులు) పట్టకుండా వేసే రంగులోంచి రాగి మెల్లగా నీళ్ళలోకి దిగుతుంది, నీటి జీవాలకు అది విషం, ఆ రంగు పనిచేసేదే అలా. అమెరికాలోని శాన్ డియేగోలో సుమారు 2,300 పడవలుండే షెల్టర్ ఐలాండ్ బేసిన్‌లోకి చేరే రాగిని 76 శాతం తగ్గించాలని 2005లోనే నిర్ణయించారు.

రంగు మానేస్తే? 1999 మార్చిలో ఆస్ట్రేలియాలోని డార్విన్‌లో, కలెన్ బే మెరీనాలో నల్లచారల ఆల్చిప్ప కనబడింది. కరీబియన్ వైపు జీవి, పడవల అడుగున అంటుకుని ప్రయాణిస్తుంది, మురికి నీళ్ళనూ తట్టుకుంటుంది. ఆరు నెలల ముందు వెతికితే ఒక్కటీ లేదు, ఆ మార్చికల్లా చదరపు మీటరుకు వేలు. అక్కడ పోటుపాట్ల తేడా 8 మీటర్ల దాకా ఉంటుంది కాబట్టి మెరీనాలకు మన గోదావరి కాలువల మీద ఉన్నట్టే లాకులుంటాయి. నీటిని కదలనివ్వని ఆ లాకులే అప్పుడు ఆదుకున్నాయి: తలుపులు మూసి క్లోరిన్, కాపర్ సల్ఫేట్ పోశారు. ఆల్చిప్పతో పాటు లోపలి జీవాలన్నీ పోయాయి, కానీ అది బయటికి పాకలేదు.

ఇదే ఆల్చిప్పను మన విశాఖ రేవులో 1967లోనే గుర్తించారు. మూయడానికి అక్కడ లాకులు లేవు. అది అక్కడే స్థిరపడిపోయింది.