కష్టమైన లేన్‌ల మీద ఆడితే బౌలర్లు మెరుగవుతారా?

1982 జూలై 1న కాలిఫోర్నియాలోని లా హాబ్రాలో గ్లెన్ ఆలిసన్ అనే టెన్‌పిన్ బౌలర్ ఒక లీగ్ పోటీలో వరసగా 36 స్ట్రైకులు కొట్టాడు. లేన్ అనే పొడవాటి దారి మీద బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్‌లను పడగొట్టే ఆట ఇది; ఒకే విసురుకు పదీ పడితే స్ట్రైకు. మూడు గేములు, ఒక్కోటి 300, మొత్తం 900. ఆ ఆటలో అంతకు మించిన స్కోరు లేదు. అయినా ఆ ఆటను అక్కడ నియంత్రించే అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ ఆ లేన్‌లను పరీక్షించి, నూనె పరిచిన తీరు నిబంధనలకు సరిపోలేదంటూ స్కోరును గుర్తించడానికి నిరాకరించింది. ఆలిసన్ అప్పటికే ప్రొఫెషనల్ టైటిళ్లు గెలిచినవాడు కాబట్టి అతని నైపుణ్యాన్ని ఎవరూ శంకించలేదు. అనుమానమంతా నేల మీదే. మొదటి అధికారిక 900 కోసం 1997 ఫిబ్రవరిలో నెబ్రాస్కాలో జెరెమీ సోనెన్‌ఫెల్డ్ దాన్ని సాధించేవరకు ఆగాల్సి వచ్చింది.

హైదరాబాద్ మాల్స్‌లో సరదాగా బంతి విసిరి వచ్చేవారిలో చాలామందికి లేన్ మీద నూనె ఉంటుందనే తెలియదు. బౌలర్ దాటకూడని గీత దగ్గర నుంచి మొదటి పిన్ వరకు 60 అడుగులు, అడ్డంగా 39 సన్నని బోర్డులు. మొదట్లో నూనె పూసింది చెక్కను కాపాడుకోవడానికే. బంతి రాపిడికి పైపూత చెడిపోకుండా లేన్ ముందు భాగంలో పలుచగా రాసేవారు. కానీ నూనె ఉన్నచోట బంతి జారుతుంది, లేనిచోట నేలను పట్టుకుని వంపు తిరుగుతుంది. ఈ సంగతి తెలిశాక నూనె కాపలా పని దాటి ఆటలోకి వచ్చేసింది. ఎక్కడ ఎంత పూస్తే బంతి ఎటు పోతుందో లేన్ యజమానులు గ్రహించారు. స్కోర్లు పెరిగితే ఆడేవాళ్లు మళ్లీ వస్తారని కూడా గ్రహించారు.

ఆ తర్వాతి పెద్ద మార్పులు బంతి వైపు నుంచి వచ్చాయి. గట్టి రబ్బరు పోయి పాలియెస్టర్ అనే ప్లాస్టిక్ వచ్చింది. 1973లో డాన్ మెక్‌క్యూన్ రసాయనంలో నానబెట్టి మెత్తబరచిన బంతితో ఒకే సీజన్‌లో ఆరు టైటిళ్లు గెలవడంతో, బంతి గట్టిదనానికి కనీస హద్దు పెట్టాల్సి వచ్చింది. 1980ల ఆరంభంలో యూరిథేన్ పూత బంతులు, 1990ల ఆరంభంలో రియాక్టివ్ రెజిన్ పూత బంతులు వచ్చాయి. రెజిన్ బంతి పొడి నేల తగలగానే బలంగా వంపు తిరిగి పిన్‌ల మీద పడుతుంది. ఇన్నేళ్లూ లేన్‌లు కూడా చెక్క నుంచి సింథటిక్‌కు మారుతూ వచ్చాయి.

వీటన్నిటి ఫలితమే నేటి హౌస్ షాట్, అంటే మామూలు బౌలింగ్ కేంద్రాల్లో రోజూ పూసే నూనె అమరిక. మధ్య బోర్డుల మీద నూనె మందంగా, అంచుల్లో చాలా పలుచగా ఉంటుంది. ఈ తేడా చాలాచోట్ల ఎనిమిది, పది రెట్లు దాటుతుంది. కుడిచేతి బౌలర్ అనుకున్న దానికంటే కుడికి విసిరాడనుకుందాం. పొడిగా ఉన్న బోర్డులు బంతిని లోపలికి తిప్పి పాకెట్‌కే, అంటే మొదటి పిన్‌కూ దాని పక్క పిన్‌కూ మధ్య సందుకే చేరుస్తాయి. ఎడమకు విసిరితే మధ్యలోని నూనె దాన్ని ఎక్కువ తిరగనివ్వకుండా జార్చుకుంటూ మళ్లీ పాకెట్ దగ్గరికే పంపుతుంది. రెండు తప్పులకూ పది పిన్‌లు పడతాయి, రెండింటికీ చప్పట్లు మోగుతాయి. 1968-69 సీజన్‌లో అమెరికన్ బౌలింగ్ కాంగ్రెస్ గుర్తించిన 300 గేములు వెయ్యి లోపే. 1998-99 నాటికి సభ్యుల సంఖ్య బాగా తగ్గిపోయినా అవి 30 వేలు దాటాయి. బౌలర్ల చేతులు ముప్పై ఏళ్లలో ముప్పై రెట్లు మెరుగుపడ్డాయని నమ్మడం కష్టం.

ఈ ఆందోళనే 2000లో స్పోర్ట్ బౌలింగ్ అనే విభాగానికి దారి తీసింది. ఇందులో మధ్యలోని నూనె అంచుల్లోని నూనెకు మూడు రెట్లు మించకూడదన్న హద్దు స్థిరపడింది. ప్రొఫెషనల్ సంఘం పీబీఏ కూడా తన టోర్నీల్లో వాడే నూనె అమరికలను మామూలు లీగ్‌లకు ఇచ్చింది. వాటికి జంతువుల పేర్లు పెట్టారు. చీతాలో నూనె 35 అడుగుల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి అంచు వెంబడి ఆడాలి. షార్క్‌లో అది 40 అడుగులు దాటి సాగుతుంది, లోపలి బోర్డుల మీదుగా ఆడక తప్పదు. హౌస్ షాట్ మీద గేముకు 200 సగటు ఉన్నవాళ్లు ఇక్కడ 170లకు పడిపోవడం సాధారణం. ఈ పతనం చూసి మానేసేవాళ్లూ ఉంటారు.

కష్టపెట్టినంత మాత్రాన నేర్పినట్టేనా? 1979లో జాన్ షే, రాబిన్ మోర్గాన్ చేసిన ప్రయోగం ఇక్కడ పనికొస్తుంది. చేతి కదలికతో చిన్న చెక్క అడ్డాలను నిర్ణీత వరసల్లో పడగొట్టాలి. ఒక్కో వరసనే పదేపదే సాధన చేసినవాళ్లు ఆ సమయంలో వేగంగా చేశారు. వరసలను కలగాపులగంగా సాధన చేసినవాళ్లు అప్పుడు వెనకబడినా, పది రోజుల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. 2004లో గ్వాడగ్నోలి, లీ ఇంకో మాట చేర్చారు: పని ఎంత కష్టంగా ఉంటే మేలన్నది నేర్చుకునేవాడి స్థాయిని బట్టి ఉంటుంది, ఆ హద్దు దాటితే పొరపాట్లు పెరుగుతాయే తప్ప వాటి నుంచి తీసుకునేది ఏమీ ఉండదు.

ఇవి బౌలింగ్ మీద చేసిన పరిశోధనలు కావు. అయినా లేన్ మీద జరిగేది వీటికి దగ్గరగానే ఉందని నా అభిప్రాయం. స్పోర్ట్ లేన్ ఇచ్చే అసలు లాభం సమాచారం. రెండు బోర్డులు తప్పితే ఆ సంగతి వెంటనే పిన్‌ల మీద కనిపిస్తుంది. హౌస్ షాట్ ఆ సంగతిని దాచేస్తుంది. అయితే ఆ సమాచారాన్ని చదవగలిగే బౌలర్ కావాలి. విడుదల, అంటే బంతిని చేతి నుంచి వదిలే తీరు, ప్రతిసారీ ఒకలా రాని 140 సగటు ఆటగాడికి తప్పు చేతిదో, వేగానిదో, నూనెదో తేలదు. అతన్ని నేరుగా షార్క్ మీదకు తోయడం అన్యాయం. ముందు మామూలు లేన్ మీద విడుదలను స్థిరపరచుకోవాలి.

విడుదల కుదిరినవాళ్లకైనా నిర్వాహకులు తోడు పడాలి. ఏ బోర్డు మీద ఎంత నూనె ఉందో చూపే పటాన్ని ముందే చేతికివ్వాలి. వారానికో అమరిక మార్చేస్తే అర్థమయ్యేలోపే అది పోతుంది కాబట్టి, ఒక్కోదాన్ని కొన్ని వారాలు ఉంచి తర్వాత కలపడం మంచిది. పైగా రెజిన్ బంతులు ప్రతి గేములో కొంత నూనె పీల్చుకుపోతాయి. మొదటి గేములో పనిచేసిన దారి మూడో గేములో పనిచేయదు. ఎప్పుడు ఎన్ని బోర్డులు జరగాలో కనిపెట్టే అలవాటు హౌస్ షాట్ మీద అంత త్వరగా రాదు.

అన్నిటికంటే ముందు మారేది స్పేర్ల ఆట, అంటే మొదటి విసురుకు మిగిలిన పిన్‌లన్నిటినీ రెండో విసురుకు పడగొట్టడం. స్ట్రైకులు వరసపెట్టి పడుతున్నప్పుడు మిగిలిపోయిన ఒక్క పిన్ తప్పినా స్కోరు కుంగదు. కష్టమైన లేన్ మీద ఆ వెసులుబాటు ఉండదు. మూలన మిగిలే పదో పిన్‌కు పాలియెస్టర్ బంతిని తిన్నగా విసరడం చాలామంది ఇక్కడికొచ్చాకే శ్రద్ధగా సాధన చేస్తారు. ఒక్క స్ట్రైకూ లేకుండా, గేములోని పది ఫ్రేముల్లో (వంతుల్లో) ప్రతిసారీ మొదటి విసురుకు తొమ్మిది పడగొట్టి మిగిలినదాన్ని స్పేర్ చేసుకుంటూ పోయినా గేము 190కి చేరుతుంది. స్పోర్ట్ లీగ్‌లో ఆ స్కోరుతో గెలిచే గేములు చాలానే ఉంటాయి.