లండన్‌లో ట్రైనీ సొలిసిటర్లుగా చేరబోతున్న మన పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయంలో చదివినవారైనా, ఇంగ్లండ్‌లోనే పుట్టి పెరిగినవారైనా, లండన్‌లోని కమర్షియల్ లా సంస్థలో అడుగుపెట్టే ముందు మీరు తెలుసుకోవలసిన సంగతులు కొన్ని రాస్తున్నాను. ఇంగ్లండ్‌లో కోర్టులో వాదించడం ప్రధానంగా బారిస్టర్ల పని. క్లయింటు వెంట ఉండి సలహాలిచ్చి, ఒప్పందాలు రాసి, లావాదేవీలు నడిపించేవారు సొలిసిటర్లు. సొలిసిటర్ కావాలంటే, 2021 సెప్టెంబరులో అమల్లోకి వచ్చిన ఎస్‌క్యూఈ (సొలిసిటర్ల అర్హత) పరీక్ష రెండు భాగాలూ గట్టెక్కడంతో పాటు రెండేళ్ల పని అనుభవం కూడా ఉండాలి. పెద్ద సంస్థల్లో ఆ రెండేళ్లను సాధారణంగా ఆరేసి నెలల చొప్పున నాలుగు విభాగాలకు పంచుతారు. ఒక్కో విడతను ‘సీట్’ అంటారు.

మొదటి సీట్‌లో మీ చేతికి వచ్చే పని చిన్నదిగా కనిపిస్తుంది. ఉదాహరణకు, ఒక బ్యాంకు ఒక కంపెనీకి అప్పిచ్చి, దాని ఆస్తుల మీద ఛార్జ్, అంటే అప్పుకు హామీగా హక్కు, రాయించుకుంటుందనుకోండి. సంతకాలన్నీ ముందే సేకరించి, తేదీ గడిని ఖాళీగా ఉంచుతారు. ఇరుపక్షాల వారూ ఫోన్‌లో సరేనన్న తరువాతే ఆ తేదీ వేస్తారు. ఛార్జ్ ఏర్పడిన మరునాటి నుంచి లెక్కించి 21 రోజుల్లోగా దానిని కంపెనీల రిజిస్ట్రీ అయిన కంపెనీస్ హౌస్‌లో నమోదు చేయించాలి. ఆ గడువు దాటిపోయి, కోర్టు పొడిగించకపోతే, కంపెనీ దివాలా తీసిన నాడు దాని ఆస్తులు అమ్మి అప్పులు తీర్చే లిక్విడేటర్ ముందు ఆ ఛార్జ్ చెల్లదు. బ్యాంకు అప్పు మిగులుతుంది గానీ ఆస్తి మీది హక్కు పోతుంది. ఈ నమోదు పని చాలాచోట్ల ట్రైనీదే. అందుకే సంతకాల పుటలు సరిచూడడాన్ని గుమాస్తా పని అని తేలికగా తీసుకోవద్దని మరీ మరీ చెబుతున్నాను. అనుమానం వస్తే సూపర్‌వైజరును వెంటనే అడగండి. అడిగినందుకు ఎవరూ చిన్నచూపు చూడరు.

చేసిన పనిని ఆరేసి నిమిషాల లెక్కన నమోదు చేయవలసి ఉంటుంది. సాయంత్రం గుర్తు తెచ్చుకుని రాయడం కన్నా, ఎప్పటికప్పుడు రాసుకోవడం మేలు.

ఇక గోప్యత సంగతి. స్టాక్ ఎక్స్‌ఛేంజ్‌లో ఉన్న కంపెనీని మరొకరు కొనబోతున్నారన్న విషయం బయటకు పొక్కనీయడం అక్కడ 1993 నాటి చట్టం ప్రకారం నేరం కావచ్చు. మన ఇళ్లలో ఫోన్ చేయగానే “ఏ కంపెనీ పని చేస్తున్నావు నాన్నా?” అని ప్రేమగానే అడుగుతారు. క్లయింట్ల పేర్లు చెప్పకూడదని, మీ అమ్మానాన్నలకు ఉద్యోగంలో చేరే ముందే వివరించండి.

మీ పెదనాన్న