స్నేక్ ఐలాండ్ పసుపు పాము: అపోహలు, వాస్తవాలు

పాముల మీద అవగాహన క్లాసులు చెప్తుంటా. మన కట్లపాము గురించి ఎవరూ అడగరు గానీ బ్రెజిల్ స్నేక్ ఐలాండ్ వీడియో మాత్రం అందరి ఫోన్లోనూ ఉంటది, అందులో సగం సొల్లే.

అపోహ: అక్కడ అడుగుకో పాము.
వాస్తవం: సావో పౌలో తీరానికి 35 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఆ కెయిమాదా గ్రాండే దీవి మొత్తం 43 హెక్టార్లే. చదరపు మీటరుకొకటి లెక్కేస్తే 4 లక్షల 30 వేల పాములు, అన్నిటికీ తిండేది? సర్వే చేసినవాళ్ళ అంచనా 2 నుంచి 4 వేలు. గోల్డెన్ లాన్స్‌హెడ్ అనే ఈ పసుపు పాము ప్రపంచంలో ఇంకే అడవిలోనూ లేదు, దొంగచాటుగా పట్టుకెళ్ళి అమ్మేవాళ్ళు కూడా ఉన్నారు.

అపోహ: సముద్రపు దొంగలు నిధికి కాపలా పెట్టారు.
వాస్తవం: సుమారు 11 వేల ఏళ్ళ కింద సముద్రం పెరిగి ఆ కొండ దీవైపోయింది, పైనున్న పాములు ఇరుక్కుపోయాయి. అంతే.

అపోహ: అంత విషం మనుషుల కోసమే.
వాస్తవం: అసలు మజా ఇక్కడుంది. ఒడ్డునుండే దాని దగ్గరి చుట్టం జరరాకా, ఎలుకని కాటేసి వదిలేసి, అది కాస్త దూరం పోయి పడిపోయాక వాసన పట్టుకుంటూ నిదానంగా వెళ్ళి మింగుద్ది. దీవిలో పెద్ద పాములకి ఆ ఎలుకలు లేవు, వలసొచ్చే ఎలేనియా పిట్టలే దిక్కు, పిట్టని కాటేసి వదిలితే ఎగిరి ఏ సముద్రంలోనో పడుద్ది, ఇక దొరికినట్టే! అందుకే చెట్టు మీద కాపు కాసి, దొరికిన పిట్టని కోరల్లోంచి వదలకుండా అలాగే పట్టుకునుంటది. పిల్లపాములైతే కప్పలు, జెర్రులతో సరిపెట్టుకుంటాయి. టెస్టుల్లోనూ ఈ విషం కోడిపిల్లల మీద జరరాకా విషం కంటే గట్టిగా, ఎలుకల మీద తక్కువగా పనిచేసింది. దీవిలో లైట్‌హౌస్ చూసుకునే కుటుంబం మొత్తాన్ని కాటేసి చంపిందన్న కథకి అధికారిక రికార్డేం లేదు.

అపోహ: బీపీ మాత్రల్లో పాము విషం ఉంటది.
వాస్తవం: సగం నిజం. జరరాకా విషంలోని పెప్టైడ్స్ (చిన్న ప్రోటీన్ ముక్కలు) మీద 1960ల్లో బ్రెజిల్ శాస్త్రవేత్త సెర్జియో ఫెరీరా చేసిన పని నుంచే కాప్టోప్రిల్ అనే బీపీ మందుకి దారి దొరికింది, 1981లో అమెరికాలో అనుమతొచ్చింది. మాత్ర మాత్రం పూర్తిగా ఫ్యాక్టరీలో కెమికల్స్‌తో చేసేదే, విషం చుక్క కూడా ఉండదు, మానేయకండి.

ఇంకోటి, మన ఆసుపత్రుల్లో ఇచ్చే పాముకాటు ఇంజెక్షన్ అన్ని పాములకీ అనుకుంటారు. అది నాగు, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర విషాలతో తయారైంది. జరరాకా కాటుకి బ్రెజిల్లో బుటాంటన్ లాంటి సంస్థలు వేరే మందు చేస్తాయి.