రామప్ప మదనిక నలుపు వేలికెందుకు అంటింది?

హనుమకొండ నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "రామప్ప గుడిలో మదనిక శిల్పాన్ని ఫోన్‌తో తీసి, ఇంట్లో ఉన్న ఇంక్‌జెట్ ప్రింటర్‌లో గ్లాసీ ఫొటో పేపర్ మీద ప్రింట్ తీశాను. గుడి రాయి ఎరుపు బాగానే వచ్చింది. శిల్పం నలుపు మాత్రం గంట తర్వాత కూడా వేలికి అంటుతోంది. ప్రింటర్ పాడైందా?"

ప్రింటర్ బాగానే ఉండి ఉంటుందండీ. లోపల పెట్టింది ఏ కాగితమో దానికి చెప్పి ఉండరు. ఇంత చిన్న సంగతికి ఫొటో ఎందుకు పాడవుతుందో తెలియాలంటే చేర్యాల దాకా వెళ్లాలి.

చేర్యాలలో బట్ట మీద కథల బొమ్మలు వేసే నకాషీ కళాకారులు ఖద్దరు మీద నేరుగా బొమ్మ వేయరు. ఉడికించిన చింతగింజల గుజ్జు, సుద్దమట్టి, బంక కలిపి ముందు బట్టకు పూత పూస్తారు. అది ఆరాక మళ్లీ పూస్తారు. పూత లేకపోతే రంగు దారాల వెంట పాకి, గీతకు మీసాలు మొలుస్తాయి. మన ఎ4 కాగితం కూడా పీచే కాబట్టి, దాని మీద ఫొటో వేస్తే ఇంకు అలాగే పాకుతుంది.

ఫొటో పేపర్ మీద ఉన్నదీ అలాంటి పూతే. సుద్ద బదులు సిలికా లేదా అల్యూమినా పొడి, చింతగింజల బదులు మరో జిగురు. అయితే ఒక తేడా ఉంది, నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది అదే. నకాషీ పూత బట్ట రంధ్రాలను మూసేస్తుంది. ఫొటో పేపర్ పూతలో రంధ్రాలను కావాలనే ఉంచుతారు. జిగురు రేణువులను పట్టి ఉంచేంతే వేస్తారు. ఎక్కువైతే రంధ్రాలు పూడిపోతాయి, తక్కువైతే పూత పొడిగా రాలుతుంది. రంధ్రాల వెడల్పు కొన్ని పదుల నానోమీటర్లు (మిల్లీమీటరులో పది లక్షల వంతు ఒక నానోమీటరు). కంటికి కనిపించే కాంతి తరంగదైర్ఘ్యం 400 నుంచి 700 నానోమీటర్లు. అంత చిన్న రంధ్రాలు, రేణువులు కాంతిని పెద్దగా చెదరగొట్టలేవు. అందుకే పెద్ద రేణువులున్న సుద్ద తెల్లగా కనిపిస్తే, ఈ పూత దాదాపు గాజులా మెరుస్తుంది.

ఇక ఇంకు. ప్రింటర్ విసిరే చుక్క 4 పికోలీటర్లు అనుకుంటే, దాని వ్యాసం మిల్లీమీటరులో 50వ వంతు. ఒక్క మిల్లీలీటరులో అలాంటి చుక్కలు 25 కోట్లు. చుక్క పడగానే అందులోని నీటిని రంధ్రాలు లాగేసుకుంటాయి. పూతకు ధనావేశం, కరిగే రంగు అణువులకు రుణావేశం ఉంటాయి. కాబట్టి నీరు లోపలికి దిగినా రంగు పైపొరలోనే ఆగిపోతుంది. సన్నటి సందుల్లోకి ద్రవం తనంతట తానే పాకడాన్ని చెప్పే కేశనాళికీయత పాఠానికి మనం గాజు గొట్టం చూపించి ఊరుకుంటాం. న్యూస్ పేపర్ మీద ఒక చుక్క, ఫొటో పేపర్ మీద ఒక చుక్క ఇంకు వేసి చూపిస్తే పిల్లలు ఆ పాఠం మర్చిపోరు.

ఇప్పుడు మదనిక నలుపు సంగతి. చాలా ఇళ్ల ప్రింటర్లలో మూడు రంగులు కరిగే రకం, నలుపు మాత్రం మసి. నకాషీలు పూర్వం దీపపు మసితో నలుపు చేసుకున్నట్టే ఇదీ కార్బన్ రేణువులే. ఒక్కో రేణువు సుమారు 100 నానోమీటర్లు, పూత రంధ్రంలో పట్టదు. మామూలు కాగితం పీచులో ఇరుక్కుని అక్షరాలను నల్లగా చూపే ఆ మసి, గ్లాసీ పూత మీద కాటుకలా పైనే మిగిలిపోతుంది. వేలు పెడితే అంటుతుంది.

ప్రింట్ సెట్టింగుల్లో పేపర్ టైప్ "ప్లెయిన్" అని ఉంటే ప్రింటర్ మసినే వాడుతుంది. "ఫొటో పేపర్ గ్లాసీ" అని మారిస్తే ఇలాంటి ప్రింటర్లు మసిని పక్కన పెట్టి, మూడు రంగులు కలిపి నలుపు చేస్తాయి. క్వాలిటీ "హై" పెట్టండి, నెమ్మదిగా వచ్చినా సరే. పూత ఉన్న వైపు తెలియకపోతే తడి వేలితో కాగితం మూలను తాకండి, పూత వైపు కాస్త అతుక్కుంటుంది. 4×6 అంగుళాల ప్రింటుకు 1200×1800 పిక్సెళ్లు ఉంటే చాలు. కానీ ఫొటోను వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గానే పంపించుకోండి, మామూలుగా పంపితే వివరాలు పోతాయి.

ఇంకో మాట. చనిపోయిన తాతయ్య ఫొటో ఇంట్లో తీసిన ప్రింటు అయి, గోడ మీద వెలిసిపోతే అపశకునమని భయపడేవాళ్లున్నారు. ఇంకును తాగిన ఆ రంధ్రాల్లోంచే గాలిలోని ఓజోన్ కూడా దూరి రంగు అణువులను విరగ్గొడుతుంది. దానికి ఎండ తోడవుతుంది. ప్రింటును ఒక రోజంతా ఆరనిచ్చి, గాజు ఫ్రేములో బిగించి, ఎండ పడని గోడకు పెట్టండి. ఆరకముందే బిగిస్తే ఇంకులో మిగిలిన గ్లైకాల్ లాంటి ద్రవాలు ఆవిరై గాజుకు మసకగా పడతాయి.