గెరిజీము కొండ నుంచి పాలకొండ దాకా: ఆరాధన అన్న మాట వెనక కథ

“ముందు ఆరాధన, తర్వాత వాక్యం (బైబిలు బోధ).” శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు చాలా క్రైస్తవ సంఘాల్లో ఆదివారం కూడిక ఇలాగే మొదలవుతుంది. ఆరాధన అంటే అరగంటో గంటో పాటలు. కీబోర్డు, ప్యాడ్స్, సౌండ్ బాక్సులు. పాట ఆగిందంటే ఆరాధన అయిపోయినట్టే. పాత కీర్తనలకు అలవాటుపడ్డ పెద్దలు ఇదేం ఆరాధన అంటారు, కుర్రాళ్లు ఇదే అసలైన ఆరాధన అంటారు. ఈ తగువు ముదిరి ఒక సంఘం రెండు ముక్కలవడం దగ్గరుండి చూశాను. రెండు పక్షాలూ ఆరాధన అంటే పాటే అనుకుని పోట్లాడుకోవడం నా బాధ.

బైబిల్లో ఈ తగువు ముందు స్థలం గురించి వచ్చింది. మా పితరులు ఈ కొండ మీద ఆరాధించారు, మీరేమో యెరూషలేమే అంటారు అని యాకోబు బావి దగ్గర సమరయ స్త్రీ యేసును అడిగింది. ఆ ప్రశ్న వెనక ఏడు వందల ఏళ్ల పగ ఉంది. క్రీ.పూ. 722 ప్రాంతంలో అష్షూరు రాజ్యం సమరయను పట్టుకుని, అక్కడి జనాన్ని బందీలుగా తీసుకుపోయి, వేరే జనాలను తెచ్చి నింపింది. ఆ తర్వాత అక్కడున్న వాళ్లను యూదులు తమవాళ్లని ఒప్పుకోలేదు. సమరయులు గెరిజీము కొండ మీద వేరే గుడి కట్టుకుంటే, యేసుకు నూరేళ్లకు పైగా ముందు యూదుల పాలకుడు యోహాను హిర్కానస్ దాన్ని కూల్చేశాడు. కూలిన గుడి కొండ మీద కనిపిస్తుండగానే ఆమె అడిగింది.

యేసు జవాబు అందరికీ కంఠస్థమే. ఈ కొండ మీదా యెరూషలేములోనూ కాని కాలం వస్తోంది, తండ్రిని “ఆత్మతోను సత్యముతోను” ఆరాధించాలి. ఆ జవాబుకు ముందు జరిగినదాన్ని మాత్రం మనం తొందరగా దాటేస్తాం. ఆయన మొదట ఆమెను తాగడానికి నీళ్లడిగాడు. యూదులు సమరయులతో సాంగత్యం చేయరు గనుక ఆమె ఆశ్చర్యపోయింది. ఎవరి చేతి నీళ్లు ఎవరు తాగుతారు, ఎవరు తాగరు అన్న లెక్క మన ఊళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. ఆరాధన మీద కొత్త నిబంధనలో ఉన్న అతి పెద్ద మాట ఆ లెక్క తెగిన చోటే వచ్చింది.

పాత నిబంధనలో ఆరాధనకు ముఖ్యంగా రెండు హెబ్రీ మాటలున్నాయి. ఒకదానికి అర్థం సాగిలపడటం. రెండోది సేవ, పొలంలో చేసే పనికీ గుడిలో చేసే పరిచర్యకూ అదే మాట. అబ్రాహాము మోరీయా కొండ ఎక్కబోతూ, మేము వెళ్లి మొక్కి వస్తామని పనివాళ్లతో చెప్పాడు. అతని వెంట ఉన్నవి కట్టెలు, నిప్పు, కత్తి. పాట లేదు. ఆమోసు ప్రవక్త కాలానికి గుళ్లో పాటలు బాగానే ఉన్నాయి, పేదల్ని చెప్పుల జతకు అమ్మేస్తున్నారు. మీ పాటల ధ్వని నాకొద్దు, “నీళ్లు పారినట్లుగా న్యాయము జరుగనియ్యుడి” అని దేవుడు అన్నది వాళ్లతోనే.

తొలి సంఘం ఏం చేసేదో అపొస్తలుల కార్యాల రెండో అధ్యాయం చెబుతుంది: బోధ, సహవాసం, రొట్టె విరవడం, ప్రార్థన. క్రీ.శ. 150 ప్రాంతంలో జస్టిన్ మార్టిర్ అనే క్రైస్తవ రచయిత ఇంకా వివరంగా రాశాడు. ఆదివారం పట్నాల వాళ్లూ పల్లెల వాళ్లూ ఒకచోట కూడతారు. లేఖనాలు సమయం ఉన్నంతసేపు చదువుతారు, బోధ వింటారు, లేచి ప్రార్థిస్తారు, రొట్టె, ద్రాక్షారసం పంచుకుంటారు. రాలేకపోయిన వాళ్ల ఇంటికి పరిచారకులు తీసుకెళ్లి ఇస్తారు. కానుకలు అనాథలకు, విధవరాళ్లకు, రోగులకు, చెరలో ఉన్నవాళ్లకు. పాటలు ఉండేవి, తెల్లవారకముందే క్రీస్తుకు పాట పాడుకుంటున్నారని రోమా అధికారి ప్లినీ చక్రవర్తికి రాశాడు. కాకపోతే కూడికంతటికీ పాట పేరు ఎవరూ పెట్టలేదు.

మన వైపు 1805లో లండన్ మిషనరీలు విశాఖపట్నంలో దిగారు. మన పాటకు మన గొంతు ఇచ్చింది మాత్రం పురుషోత్తమ చౌదరి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో, అంటే పాతపట్నం పొలిమేరకు ఆనుకుని పుట్టారు. బ్రాహ్మణుడు, 1833లో బాప్తిస్మం తీసుకున్నారు. నూటికి పైగా కీర్తనలు రాశారు. కీర్తనల పుస్తకంలో ఇప్పటికీ పాట నెత్తిన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఈరోజు ‘పాత పద్ధతి’ అని పెద్దలు కాపాడుకుంటున్నది ఒకప్పుడు పూర్తిగా కొత్త పద్ధతి. కుర్రాళ్ల మీద కోపం వచ్చినప్పుడు ఇది గుర్తుకు రావాలి.

1870ల నుంచి కెనడా బాప్టిస్టులు వచ్చి శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ, టెక్కలి, సోంపేటల్లో సంఘాలు, బడులు, ఆసుపత్రులు పెట్టారు. సోంపేట ఆరోగ్యవరంలో డాక్టర్ బెన్ గలిసన్ కళ్ల ఆపరేషన్లు చేశారు. ఆయన మాటలు విన్న స్ఫూర్తితోనే 1963లో కెనడాలో ‘ఆపరేషన్ ఐసైట్’ సంస్థ పుట్టింది. పనికీ ఆరాధనకూ ఒకే మాట వాడిన హెబ్రీ భాషలో ఆ శుక్లాల ఆపరేషన్‌ను ఏమనాలో నాకైతే సందేహం లేదు.

1941లో మద్రాసులో మొదలైన సువార్తికుడు భక్త్ సింగ్ సహవాసాల్లో ప్రభువు బల్లకు (రొట్టె, ద్రాక్షారసం పంచుకోవడానికి) ముందు విశ్వాసులు చాలాసేపు లేచి స్తుతించడం ఆనవాయితీ అయింది. కూడిక అయ్యాక చాపల మీద వరసగా కూర్చుని అందరూ ప్రేమవిందు తినేవారు. తర్వాత పెంతెకొస్తు సంఘాలు, ఆపైన టీవీ ఛానళ్లు వచ్చాయి. స్తుతి పెరిగింది, దానికే ఆరాధన అని పేరు స్థిరపడింది. చాప మాత్రం చాలాచోట్ల మడిచి మూలన పెట్టేశారు.

నన్ను కలవరపెట్టేది ఆ చాపే. కొరింథు సంఘాన్ని పౌలు అన్నిటికంటే గట్టిగా మందలించిన వాటిలో ప్రభువు బల్ల ఒకటి. కలిగినవాళ్లు ముందే తినేసేవారు, లేనివాళ్లు ఆకలితో ఉండిపోయేవారు. మీరు కూడి తింటున్నది ప్రభువు భోజనమే కాదు పొమ్మన్నాడు. అంటే పాటలు, ఆత్మ ఇచ్చే వరాలు, తెలియని భాషల్లో మాట్లాడటం అన్నీ ఉన్న సంఘంలో కూడా ఆరాధన చెడిపోవచ్చు. దానికి పౌలు చెప్పిన మందు చాలా చిన్నది: భోజనానికి కూడి వచ్చినప్పుడు “ఒకనికొరకు ఒకడు కనిపెట్టుకొని యుండుడి.”

మా సంఘంలో జీడి ఫ్యాక్టరీ పనికి పోయే ఆడవాళ్లు కొందరున్నారు. ఆదివారం కూడా ఒక పూట పని చేసి, పిక్క జిడ్డుకు నల్లబడ్డ చేతులు కడుక్కుని వచ్చేసరికి పన్నెండు దాటుతుంది. ఇదివరకు వాళ్లు వచ్చేసరికి బల్ల అయిపోయేది. పోయిన ఏడాది నుంచి వాళ్లు వచ్చి కూర్చున్నాకే రొట్టె విరుస్తున్నారు.